కారు స్ప్రే పెయింటింగ్‌కు సరైన థిన్నర్: ఏ రకం, ఏ వేగం, ఎంత? నెల్లూరు ఎండకు, ముసురుకు తగ్గ పూర్తి పద్ధతి

“అన్నా, లీటరు పెయింటుకి థిన్నర్ ఎంత పొయ్యాల?” నన్ను ఎక్కువ మంది అడిగేది ఇదే. కావలి నుంచి ఫోన్ చేసేవాళ్లదీ, ఒంగోలు నుంచి వాట్సాప్‌లో ఫొటోలు పెట్టే కుర్రాళ్లదీ మొదటి మాట “ఎంత” అనే. “ఏది” అని అడిగేవాళ్లు తక్కువ.

నేను నెల్లూరులో చిన్న పెయింటింగ్ షెడ్డు నడుపుతాను. చెడిపోయి మళ్లీ మా దగ్గరికి వచ్చే పనుల్లో థిన్నర్ కాస్త ఎక్కువో తక్కువో పడి పాడైనవి కొన్నే. వేరే రకం పెయింటుకు వాడే థిన్నర్ కలిపినవి, ఆ రోజు ఎండకి పనికిరాని వేగం ఎంచుకున్నవి చాలా ఎక్కువ. అందుకే ముందు రకం, తర్వాత వేగం (అంటే థిన్నర్ ఎంత తొందరగా ఆవిరవుతుందన్నది), ఆఖరున కొలత. ఈ వరసలోనే చెబుతాను.

అంకెలు కంపెనీని బట్టి కొంచెం మారతాయి. నేను రాసిన దానికీ మీ డబ్బా మీద ఉన్నదానికీ తేడా వస్తే డబ్బా మీద ఉన్నదే పాటించండి.

## 1. మీ చేతిలో ఉన్న పెయింటు ఏ రకం?

డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదవండి. హార్డెనర్ (పెయింటును గట్టిపరచడానికి విడిగా కలిపే ద్రవం) కలపాలని రాసి ఉందా లేదా అన్నది మొదట చూడాలి. దాంతోనే సగం తేలిపోతుంది.

- ఎన్‌సీ పెయింటు, ఎన్‌సీ ప్రైమర్, ఎన్‌సీ పుట్టీ (ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్; హార్డెనర్ ఉండదు, గాలికే ఆరుతుంది): ఎన్‌సీ థిన్నర్.
- 2కే ప్రైమర్, 2కే కలర్, 2కే క్లియర్ (2కే అంటే పెయింటు, హార్డెనర్ రెండూ కలిపి వాడేది, హార్డెనర్ తప్పనిసరి; క్లియర్ అంటే రంగు మీద కొట్టే పారదర్శక పొర): 2కే థిన్నర్. షాపుల్లో పీయూ (పాలీయూరిథేన్) థిన్నర్ అన్నా ఇదే.
- బేస్ కోట్ (మెటాలిక్, పెర్ల్ రంగులు, మీద క్లియర్ కొట్టేవి): అదే కంపెనీ బేస్ కోట్ థిన్నర్. చాలా కంపెనీల్లో 2కే థిన్నర్ దీనికీ సరిపోతుంది, కానీ డబ్బా మీద రాసి ఉంటేనే.
- ఎపాక్సీ ప్రైమర్: ఎపాక్సీ థిన్నర్.
- సింథటిక్ ఎనామెల్ (లారీ బాడీలు, ట్రక్ ఆటోలు): మినరల్ టర్పెంటైన్, లేదా ఎనామెల్ థిన్నర్.
- నీళ్ల ఆధారపు బేస్ కోట్: ఆ కంపెనీ ఇచ్చిన ద్రవం మాత్రమే. మామూలు థిన్నర్ ఒక్క చుక్క పడినా పెరుగులా విరుగుతుంది.

ఇక గన్ వాష్ థిన్నర్. చౌకగా వస్తుంది, గన్ కడగడానికి బాగుంటుంది. పెయింటులో మాత్రం ఎప్పుడూ కలపొద్దు. అందులో ఏమేం ఉన్నాయో, ఎంత నీరు చేరిందో ఎవరూ పూచీ పడరు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే తప్పు 2కే క్లియర్‌లో ఎన్‌సీ థిన్నర్ కలపడం. ఎందుకు కుదరదో తెలిస్తే మళ్లీ చేయరు.

2కే హార్డెనర్‌లో ఐసోసైనేట్ ఉంటుంది. అది పెయింటులోని రెసిన్‌తో ముడిపడి గట్టి పొర అవుతుంది. ఎన్‌సీ థిన్నర్లలో మామూలుగా ఆల్కహాల్ ఉంటుంది, కొంత నీరు కూడా ఉండొచ్చు. హార్డెనర్ రెసిన్‌ను వదిలేసి వీటితో ముడిపడుతుంది. ఆల్కహాల్‌తో కలిసినంత మేర హార్డెనర్ వృథా అయి పొర మెత్తగా ఉండిపోతుంది. నీటితో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుట్టి సన్న బుడగలు లేస్తాయి.

ఇది నా చేతి మీదుగానూ జరిగింది. ఒకసారి హడావుడిలో ఒక షాపువాళ్లు “ఇదీ పీయూనే” అని ఇచ్చిన లేబుల్ లేని డబ్బా తెచ్చి ఎర్ర కారు వెనక డోరు క్లియర్‌లో కలిపాను. గన్ నుంచి చక్కగా వచ్చింది. డోరులో ట్యూబ్‌లైటు వంకర లేకుండా కనబడింది. మర్నాడు పొద్దున అంచు దగ్గర గోటితో నొక్కితే గాటు పడి అలాగే ఉండిపోయింది. నాలుగో రోజు 2000 నంబరు వాటర్ పేపర్ పెట్టి రుద్దాను. తెల్లటి పాలలా పొడి దిగాలి కదా, దిగలేదు. పేపరుకు చీమతలలంత జిగురు ముద్దలు అంటుకున్నాయి. వారం ఆగినా అంతే. ప్రైమర్ దాకా గీకేసి మళ్లీ మొదటినుంచి చేశాను. ఆ తర్వాత లేబుల్ లేని డబ్బా మా షెడ్డులోకి రాలేదు.

## 2. కింద ఉన్న పాత పెయింటును పరీక్షించండి

కొత్త పెయింటులోని థిన్నర్ కింది పొరను కూడా తాకుతుంది. కింది పొర బలహీనమైనదైతే ముడతలు పడి లేచిపోతుంది. పాత బండికి, చేతులు మారిన బండికి ఈ పరీక్ష తప్పనిసరి.

డోరు కింది అంచులాంటి, బయటికి కనిపించని చోటు చూసుకోండి. తెల్ల కాటన్ గుడ్డ మీద ఎన్‌సీ థిన్నర్ వేసి, అర నిమిషం అద్ది పట్టి, తర్వాత రుద్దండి.

- రంగు గుడ్డకు దిగింది: పాత పొర ఎన్‌సీ. మధ్యలో 2కే లేదా ఎపాక్సీ ప్రైమర్ అడ్డుపొర వేయాలి.
- పొర ఉబ్బింది, ముడత పడింది: ఎనామెల్, లేదంటే సరిగ్గా ఆరని పెయింటు. దాన్ని తీసేయడమే నయం.
- ఏమీ కాలేదు: కంపెనీ పెయింటు లేదా బాగా ఆరిన 2కే. రుద్దుకుని ధైర్యంగా పని చేసుకోవచ్చు.

ప్లాస్టిక్ బంపర్ మీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఎన్‌సీ థిన్నర్ కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, సన్నటి పగుళ్లు తెస్తుంది. బంపర్‌ను థిన్నర్‌తో తుడిచే అలవాటు ఉంటే మానుకోండి.

## 3. ఇవాళ్టికి ఏ వేగం కావాలి?

థిన్నర్ అంటే ఒక్క ద్రవం కాదు. నాలుగైదు ద్రవాల మిశ్రమం. వాటిలో కొన్ని గన్ మూతి నుంచి రేకు చేరేలోపే ఎగిరిపోతాయి. కొన్ని రేకు మీద నిమిషాలపాటు నిలిచి పెయింటును పరుచుకోనిస్తాయి. కొన్ని ఆఖరున వెళతాయి.

అవి మరిగే వేడి చూస్తే సంగతి అర్థమవుతుంది. అసిటోన్ 56 డిగ్రీలు, టోలీన్ 111, బ్యూటైల్ అసిటేట్ 126, జైలీన్ సుమారు 140. మొదటివి ఎక్కువుంటే ఫాస్ట్ థిన్నర్, చివరివి ఎక్కువుంటే స్లో థిన్నర్.

చాలా కంపెనీలు వేగాన్ని ఇంచుమించు ఇలా విడదీస్తాయి:

- 20 డిగ్రీల లోపు: ఫాస్ట్
- 20 నుంచి 28: స్టాండర్డ్, దీన్నే మీడియం అంటారు
- 28 నుంచి 35: స్లో
- 35 పైన: ఎక్స్‌ట్రా స్లో

ఇక్కడ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఈ డిగ్రీలు ఫోన్లో కనిపించే నెల్లూరు ఉష్ణోగ్రతవి కావు. మీ షెడ్డులో గాలివి, అంతకన్నా ముఖ్యంగా రేకువి. ఎండలో నిలిపిన ముదురు రంగు కారు బానెట్ మే నెలలో 60 డిగ్రీలు దాటుతుంది. దాని మీద ఏ థిన్నరూ నిలవదు. కారును నీడలోకి తెచ్చి కనీసం గంటసేపు వదలండి. అరచేయి ఆనించి నింపాదిగా పది లెక్కపెట్టగలగాలి. గురిపెట్టి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది. తొందరపడి నీళ్లు పోసి చల్లార్చకండి. డోరు సందుల్లో, బీడింగ్ కింద చేరిన నీరు గన్ గాలికి సరిగ్గా క్లియర్ కొట్టేటప్పుడే బయటికొస్తుంది.

మన దగ్గర నెలలవారీగా నేను వాడేది

ఏప్రిల్ నుంచి జూన్: చిన్న పనికి స్లో, పెద్ద పనికి ఎక్స్‌ట్రా స్లో. రోహిణి కార్తెలో మధ్యాహ్నం గన్ పట్టను. పొద్దున 6 నుంచి 9 లోపు ముగిస్తాను. మధ్యాహ్నం తిరిగాక సముద్రపు గాలి వస్తే చల్లబడింది కదా అని మొదలుపెట్టే అలవాటు మైపాడు, కొత్తపట్నం వైపు ఉంది. ఆ గాలి చల్లదనంతోపాటు తేమ కూడా తెస్తుంది.

జులై నుంచి సెప్టెంబరు: స్లో.

అక్టోబరు నుంచి డిసెంబరు నడిమి వరకు: మన తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. ఎక్కువ పనులు చెడేది కూడా అప్పుడే. దీని గురించి కింద విడిగా రాశాను.

డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి: స్టాండర్డ్. తెల్లవారుజామున మంచు పడితే రేకు మీద చెమట పోయేదాకా ఆగాలి. పది గంటల నుంచి నాలుగు వరకు పని చేయడానికి ఏడాదిలో ఇంతకన్నా మంచి సమయం లేదు.

మార్కాపురం, గిద్దలూరు వైపు పొడి వేడి. తేమ గొడవ తక్కువ, కానీ పెయింటు తొందరగా బిగుస్తుంది, దుమ్మూ ఎక్కువ. అదే కంపెనీలో నెల్లూరులో వాడే దానికంటే ఒక మెట్టు స్లో తీసుకున్నా తప్పులేదు.

ముసురులో ఫాస్ట్ థిన్నర్ ఎందుకు వద్దు

“వాన పడుతోంది, ఆరడం లేదు, ఫాస్ట్ వేస్తే తొందరగా ఆరుతుంది” అని చాలామంది అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు.

థిన్నర్ ఆవిరవుతూ రేకు వేడిని లాగేసుకుంటుంది. చేతి మీద స్పిరిట్ పడితే చల్లగా అనిపించేది అందుకే. ఎంత ఫాస్ట్ అయితే అంత చల్లన. గాలిలో అసలే తేమ నిండి ఉంది. చల్లబడ్డ పొర మీద ఆ తేమ దిగి, పెయింటు పాలు పోసినట్టు తెల్లబడుతుంది. ఎన్‌సీలో ఇది బాగా కనిపిస్తుంది, బేస్ కోట్‌లోనూ వస్తుంది.

అందుకే ముసురులో వేడి 26 డిగ్రీలే ఉన్నా ఫాస్ట్ వైపు పోకండి. స్టాండర్డ్ లేదా స్లో వాడి, కోటుకి కోటుకి మధ్య ఎక్కువసేపు ఆగండి. గోడకు తగిలించే చిన్న తేమ మీటర్ కొనుక్కోండి. 85 శాతం దాటితే నేను గన్ ముట్టను. కస్టమర్ తొందరపెడితే మీటర్ చూపిస్తాను.

ఎన్‌సీ పనిలో రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మదించే ద్రవం) వాడొచ్చు. థిన్నర్‌లో 5 నుంచి 10 శాతం చాలు. కానీ ఎన్‌సీ రిటార్డర్‌ను 2కే క్లియర్‌లో పోయకండి. అందులో సాధారణంగా బ్యూటైల్ సెల్లోసాల్వ్ ఉంటుంది. అదీ ఆల్కహాల్ లాగే హార్డెనర్‌ను తినేస్తుంది. 2కే నెమ్మదించాలంటే 2కే స్లో థిన్నర్, స్లో హార్డెనర్ వాడాలి.

## 4. పని సైజు చూసి ఒక మెట్టు సవరించండి

అదే రోజు, అదే వేడి. అయినా ఫెండర్ మీద ప్యాచ్‌కీ టాప్ మొత్తానికీ ఒకే థిన్నర్ సరిపోదు.

టాప్ కొట్టేటప్పుడు ఒక పక్క నుంచి మధ్యకు వస్తాం, తర్వాత అటు తిరిగి వెళతాం. ఈలోగా మధ్యలో పడ్డ అంచు ఆరిపోతే, అవతలి పక్క నుంచి కొట్టిన పొగ (గాలిలో ఎగిరే పెయింటు తుంపర) దాని మీద కరగకుండా గరుకుగా నిలుస్తుంది. చేత్తో తడిమితే ఉప్పుకాగితంలా తెలుస్తుంది. అంచు తడిగా ఉంటే ఆ పొగను తనలో కలుపుకుంటుంది.

- చిన్న ప్యాచ్, అద్దం కవర్: పైన 3లో ఇచ్చిన డిగ్రీల చార్టు కంటే ఒక మెట్టు ఫాస్ట్ (ముసురు రోజుల్లో కాదు).
- ఒకటి రెండు డోర్లు, ఫెండర్, బంపర్: చార్టు ప్రకారం.
- బానెట్, టాప్, బండి మొత్తం: ఒక మెట్టు స్లో.

మెటాలిక్ రంగైతే ఇంకో సంగతి ఉంది. థిన్నర్ వేగం మారితే షేడ్ కూడా మారుతుంది. ఫాస్ట్‌తో పొడిగా పడితే రేణువులు పైనే నిలిచి రంగు తేలికగా కనబడుతుంది. స్లోతో తడిగా పడితే రేణువులు లోపలికి దిగి ముదురుగా కనిపిస్తుంది. షేడ్ కలవలేదని టింటింగ్ వాళ్లతో (రంగు కలిపి ఇచ్చేవాళ్లతో) గొడవ పడేముందు మీరు వాడిన థిన్నర్ ఏదో చూసుకోండి.

## 5. షాపులో ఏమడగాలి, ఏది తేవద్దు

క్లియర్, హార్డెనర్, థిన్నర్ మూడూ ఒకే కంపెనీవి తీసుకోండి. ఇందులో నేను రాజీ పడను. మూడు కంపెనీల సరుకు కలిపి పనిచేసినవాళ్లు లేరని కాదు. కానీ పాడైతే ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

- మూత సీలు చెక్కు చెదరకుండా ఉండాలి.
- లేబుల్ మీద ఏ పెయింటుకో, ఏ వేగమో రాసి ఉండాలి.
- తయారీ తేదీ చూడండి. తుప్పు పట్టిన డబ్బా వద్దు.
- లూజు థిన్నర్ వద్దు. కూల్‌డ్రింకు సీసాలో పోయించుకోవడం అసలే వద్దు, ఇంట్లో పిల్లలు తాగే ప్రమాదం ఉంది.
- హార్డెనర్ చిన్న డబ్బాలో తీసుకోండి. మూత తీసిన దగ్గర్నుంచి గాలిలోని తేమ దాన్ని పాడుచేస్తూనే ఉంటుంది.

కొత్త డబ్బా మీద అనుమానం ఉంటే గాజు పలక పరీక్ష చేయండి. శుభ్రమైన గాజు ముక్కను నీడలో చదునుగా పెట్టండి. ఒక పక్క మీరు నమ్మే థిన్నర్, ఇంకో పక్క కొత్తది, సిరంజితో ఐదేసి చుక్కలు వేయండి. ఫ్యాను ఆపేసి చూడండి. ఏది ముందు మాయమైతే అది ఫాస్ట్. అసలు సంగతి ఆ తర్వాత తెలుస్తుంది. గాజును వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి. మంచి థిన్నర్ ఆరితే గాజు మీద ఏమీ మిగలదు. నూనె వలయమో, జిడ్డు మరకో, తెల్లటి మసకో మిగిలితే ఆ డబ్బాను గన్ కడగడానికి పక్కన పెట్టేయండి.

## 6. ఇప్పుడు కొలత

కొలత గీతలున్న మిక్సింగ్ కప్పు వాడండి. కంటి అంచనా, మూత లెక్క వద్దు.

వరస ఇది: పెయింటు అడుగు నుంచి బాగా కలపాలి, తర్వాత హార్డెనర్ పోసి కలపాలి, ఆఖరున థిన్నర్.

డబ్బా మీద 2:1, థిన్నర్ 10 శాతం అని ఉందనుకుందాం. 600 మిల్లీలీటర్ల క్లియర్‌కు 300 హార్డెనర్. 10 శాతం దేనిలో? కొన్ని కంపెనీలు క్లియర్‌లో అంటాయి, అప్పుడు 60. కొన్ని క్లియర్, హార్డెనర్ కలిపిన మొత్తంలో అంటాయి, అప్పుడు 90. డబ్బా మీద ఈ ముక్క వెతికి చదవండి.

హార్డెనర్‌ను మాత్రం మీ ఇష్టానికి పెంచకండి, తగ్గించకండి. అది థిన్నర్ లాగా చూసుకుని వేసేది కాదు, నిష్పత్తిలో ఉండాల్సిందే.

చిక్కదనం కొలవడానికి ఫోర్డ్ కప్ నంబర్ 4 ఉంటుంది. గరాటు ఆకారంలో అడుగున చిన్న రంధ్రంతో ఉండే కప్పు. వేలితో రంధ్రం మూసి అంచుదాకా నింపండి. వేలు తీసిన క్షణం ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. మొదట తీగలా ఏకధారగా పడుతుంది. సన్నబడుతుంది, ఒక్కసారి తెగి చుక్కలవుతుంది. ధార తెగిన ఆ క్షణం ఆపండి. మొత్తం ఖాళీ అయ్యేదాకా ఆగక్కర్లేదు.

ఇంచుమించు లెక్క:

- బేస్ కోట్: 14 నుంచి 17 సెకన్లు
- 2కే క్లియర్: 16 నుంచి 20
- 2కే ప్రైమర్ సర్ఫేసర్: 18 నుంచి 22

డబ్బా మీద డిన్ కప్పు (జర్మన్ ప్రమాణపు కొలత కప్పు) సెకన్లు రాసి ఉంటే డిన్ కప్పుతోనే కొలవండి. రెండు కప్పుల లెక్క ఒకటి కాదు.

ఎండాకాలంలో చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. తొందరగా ఆరిపోతోందని థిన్నర్ ఇంకాస్త పోస్తారు. కానీ 40 డిగ్రీల వేడికి పెయింటు తనంతట తానే పలచబడి ఉంటుంది. కప్పుతో చూస్తే థిన్నర్ తక్కువే పడుతుంది. తొందరగా ఆరడం వేగం సమస్య. దానికి స్లో థిన్నర్ కావాలి, ఎక్కువ థిన్నర్ కాదు.

ఇంకోటి: కలిపి పెట్టిన 2కే చిక్కబడటం మొదలైతే థిన్నర్ పోసి బతికించాలని చూడకండి. లోపల గట్టిపడటం అప్పటికే మొదలైంది. పారేయండి. మేలో అందుకే ఒక్క కోటుకు సరిపడా మాత్రమే కలుపుతాను.

## 7. ముక్క మీద కొట్టి చూసి, తర్వాతే బండి మీద

పాత డోరు ముక్కో, రేకో ఒకటి షెడ్డులో ఉంచుకోండి. బండి ఎలా నిలబడి ఉందో అలా నిలువుగా పెట్టి కొట్టండి. పడుకోబెట్టి కొడితే కారేది తెలియదు.

బేస్, క్లియర్‌కు 1.3 లేదా 1.4 మి.మీ. నాజిల్, ప్రైమర్‌కు 1.6 నుంచి 1.8. హెచ్‌వీఎల్‌పీ గన్‌కు (ఎక్కువ గాలి, తక్కువ ప్రెషర్‌తో పనిచేసేది) ఇన్‌లెట్ దగ్గర సుమారు 2 బార్ గాలి.

కొట్టిన 2 నిమిషాలకు పొర పరుచుకుందా? 10 నిమిషాలకు కిందికి జారిందా? ఈ రెండూ చూసుకుని, కావాలంటే వేగం మార్చుకోండి.

బండి మీద కొట్టేటప్పుడు బేస్ కోటు మెరుపు పోయి మసకబారే వరకు ఆగి తర్వాతి కోటు వేయాలి. క్లియర్‌కు ఒక గుర్తు ఉంది. పక్కన మాస్కింగ్ పేపర్ మీద పడ్డ క్లియర్‌ను వేలితో తాకండి. వేలికి అంటినట్టుండి, తీస్తే దారం సాగకపోతే రెండో కోటుకు సమయమైనట్టు. మామూలుగా 5 నుంచి 10 నిమిషాలు, ముసురులో 15 పడుతుంది. స్లో థిన్నర్ వాడి ఫాస్ట్‌కు ఆగినంతే ఆగితే లాభం లేదు.

గన్ పట్టేముందు చూసుకోవాల్సినవి

- రేకు మీద చెయ్యి ఆనుతోందా?
- తేమ 85 శాతం లోపు ఉందా?
- క్లియర్, హార్డెనర్, థిన్నర్ ఒకే కంపెనీవేనా?
- కప్పు సెకన్లు చూశారా?
- కంప్రెసర్ ట్యాంకు నీళ్లు వదిలారా?
- ముక్క మీద కొట్టి చూశారా?
- మాస్కు ఉందా? దగ్గర్లో నిప్పు లేదు కదా?

## 8. తేడా వచ్చిందా? కారణం, మందు

పాలపొర. కారణం పైన చెప్పాను. ఎన్‌సీ అయితే వెంటనే మీద ఇంకో కోటు వేయకండి. గాలి పొడిబారాక రిటార్డర్ కలిపిన థిన్నర్‌ను మంచులా పలచగా కొడితే చాలాసార్లు తేరుకుంటుంది. బేస్ తెల్లబడితే దాని మీద క్లియర్ కొట్టకండి, తేమ లోపలే చిక్కుతుంది. పూర్తిగా ఆరనిచ్చి, లేతగా రుద్ది, మళ్లీ బేస్ వేయాలి.

నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా. పొర పరుచుకునేలోపే బిగిసింది. థిన్నర్ మరీ ఫాస్ట్, పెయింటు చిక్కన, గాలి తక్కువ, గన్ దూరం, ఏదైనా కావచ్చు. క్లియర్ పూర్తిగా ఆరాక 1500, 2000 పేపర్లతో చదును చేసి బఫింగ్ చేస్తే పోతుంది. తర్వాతి పనికి ఒక మెట్టు స్లో. కారణం గాలి తక్కువ కావడం కాకపోతే, ప్రెషర్ ఒక్కటే పెంచి సరిచేయాలని చూస్తే పొగ ఎక్కువవుతుంది తప్ప గుంటలు పోవు.

కారడం. మరీ స్లో, మరీ పలచన, లేదా కోట్ల మధ్య ఆగలేదు. తడిగా ఉండగా తుడవకండి. ఆరనిచ్చి చెక్క బ్లాకు పెట్టి కారిన చోట మాత్రమే రుద్దండి. వేలితో రుద్దితే పక్కన పల్లం పడుతుంది.

సూదిమొనల్లాంటి బుడగలు. పైపొర ముందే మూసుకుంది, లోపలి థిన్నర్ దాన్ని పొడుచుకుని వచ్చింది. ఎండలో ఫాస్ట్ థిన్నర్‌తో మందంగా కొడితే, లేదా పనయ్యాక వెంటనే ఎండలోకి తోస్తే వస్తుంది. మీద ఇంకో కోటు వేస్తే ఆ రంధ్రాలు పూడవు. రంధ్రం అడుగు దాకా రుద్ది తీసి మళ్లీ కొట్టాల్సిందే.

ముడతలు. 2వ భాగంలో చెప్పిన గుడ్డ పరీక్ష చేయకపోవడం వల్ల వచ్చేది. వెంటనే ఆపేయండి. ఆరాక గట్టి పొర తగిలేదాకా తీసి, ఎపాక్సీ లేదా 2కే ప్రైమర్‌ను పలచటి కోట్లుగా వేసి మళ్లీ మొదలుపెట్టండి.

రెండు వారాలకు మెరుపు చావడం. కస్టమర్ బండి తీసుకెళ్లాక బయటపడుతుంది కాబట్టి పరువు పోయేది దీంతోనే. లోపల చిక్కిన థిన్నర్ నింపాదిగా బయటికొస్తూ పొరను కుంగదీసింది. కోట్ల మధ్య ఆగకపోవడం, కొలతకు మించిన థిన్నర్, ప్రైమర్ సరిగ్గా ఆరకముందే బేస్ వేయడం దీనికి కారణాలు. పూర్తిగా ఆరనిచ్చి బఫింగ్ చేస్తే చాలాసార్లు మెరుపు తిరిగొస్తుంది. రాకపోతే రుద్ది ఇంకో క్లియర్ వేయాలి.

మెటాలిక్‌లో మేఘాల్లా మచ్చలు. బేస్ మరీ తడిగా పడింది. క్లియర్ వేయక ముందే చూసుకుంటే, గన్‌ను కొంచెం దూరం పట్టి పలచటి ఆఖరి కోటు ఒకటి పొడిగా వేస్తే సర్దుకుంటుంది.

## 9. థిన్నర్ మీదికి నెట్టేసే వేరే తప్పులు

అన్నీ థిన్నర్ తప్పులు కావు. డబ్బా మార్చేముందు వీటిని చూడండి.

మన తీరం గాలిని కంప్రెసర్ నొక్కితే నీరు దిగుతుంది. వానాకాలంలో రోజుకు రెండుసార్లు ట్యాంకు కింది వాల్వు తెరవండి. గన్‌కు ముందు తేమ ఫిల్టర్ ఉండాలి. తెల్ల కాగితం మీద ఉత్త గాలి అర నిమిషం కొట్టి చూడండి. ఒక్క చుక్క మరక పడినా గన్ ఆపండి.

పెయింటు గుండ్రంగా చేపకన్నులా విడిపోతే అది సిలికాన్, టైరు పాలిష్ లేదా డ్యాష్‌బోర్డు పాలిష్ నుంచి వచ్చింది. ఎంత థిన్నర్ మార్చినా పోదు. డీగ్రీజర్‌తో (జిడ్డు తీసే ద్రవం) రెండు గుడ్డల పద్ధతి పాటించండి: ఒకదాంతో తడి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడుపు.

కృష్ణపట్నం రోడ్డు మీద, రొయ్యల చెరువుల కట్టల మీద తిరిగే బండ్ల కింది అంచుల్లో ఉప్పు పేరుకుంటుంది. డీగ్రీజర్‌కు ఉప్పు పోదు, నీటికే పోతుంది. ముందు నీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, తర్వాత డీగ్రీజర్. వదిలేస్తే కొన్ని నెలలకు పెయింటు కింద నీటి పొక్కులు లేస్తాయి. చీమకుర్తి వైపు బండ్లకైతే గ్రానైట్ పొడి. పొడి గుడ్డ పెట్టి తుడిస్తే గీతలు పడతాయి కాబట్టి దానికీ ముందు నీళ్లే.

## 10. ఊపిరి, నిప్పు

ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని 2కే కొట్టే కుర్రాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది. ఐసోసైనేట్ ఉబ్బసం తెస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే తర్వాత కొంచెం పీల్చినా ఊపిరాడదు. కర్చీఫ్, ఎన్95 మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపవు. కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ కనీసం ఉండాలి. వాసన రావడం మొదలైతే కార్ట్రిడ్జ్ మార్చాలి. ఐసోసైనేట్‌కు వాసన ఆధారం సరిపోదు కాబట్టి రోజూ 2కే కొట్టే షెడ్డులో బయటి గాలి పైపుతో వచ్చే మాస్కే సరైనది.

థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు. నేల మీద పాకి, గుంటల్లో, మెకానిక్ పిట్‌లో చేరుతుంది. పది అడుగుల అవతల వెల్డింగ్ రవ్వ చాలు. పెయింటింగ్ జరుగుతున్నప్పుడు పక్క షెడ్డులో వెల్డింగ్, గ్రైండింగ్ ఆపించండి, బీడీ సిగరెట్ బయటే.

చేతులు థిన్నర్‌తో కడుక్కోకండి. కంట్లో పడితే 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మింగితే వాంతి చేయించకండి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

## 11. మిగిలింది ఏం చేయాలి

పని అయిన వెంటనే గన్ కడగండి. 2కే గన్‌లో గట్టిపడితే ఏ థిన్నరూ దాన్ని కరిగించలేదు.

కడిగిన థిన్నర్‌ను కాలువలో పోయకండి. మూత ఉన్న డబ్బాలో రెండు రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుక్కు దిగుతుంది. పైన తేరినదాన్ని మళ్లీ గన్ కడగడానికే వాడుకోవచ్చు, పెయింటులో కలపడానికి కాదు. డబ్బా మీద మార్కర్‌తో “గన్ వాష్” అని పెద్దగా రాయండి.

కొత్త థిన్నర్ మిగిలితే దాని సొంత డబ్బాలోనే ఉంచి, మూత బిగించి, మూత తీసిన తేదీ పైన రాసి, ఎండ తగలని మూలలో పెట్టండి. సగానికి తక్కువ మిగిలిన డబ్బాలో తేమ గాలి ఎక్కువ చేరుతుంది కాబట్టి దాన్ని ముసురు రోజులదాకా దాచుకోకుండా ముందుగానే ప్రైమర్ పనికి వాడేయండి.